వాన రాని రోజు ఫోన్

రచన క్లాసులోకి అడుగు పెట్టిందో లేదో, ఫట్‌మని ఒక గొడుగు తెరుచుకుంది.

గొడుగు విశాల్‌ది. అప్పుడే అన్నాల గంట అయిపోయింది. కిటికీ బయట ఎండ మండిపోతోంది. ఫ్యాను తిరుగుతున్నా పిల్లల చొక్కాలు వీపులకు అంటుకుపోతున్నాయి. అయినా విశాల్ వాళ్ళ తాత నల్ల గొడుగు నెత్తిమీద పట్టుకుని, చలికి వణికిపోతున్నట్టు పళ్ళు టకటకలాడించాడు. వెనక బెంచీలో ఇంకో గొడుగు లేచింది. గొడుగు లేనివాడు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకున్నాడు.

"వాన మేడమ్ వచ్చింది. తడుస్తరు, అందరు జర పక్కకు జరగుండ్రి," అన్నాడు విశాల్.

క్లాసంతా నవ్వింది. నిజం చెప్పాలంటే, ఆ గొడుగులను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. లోపలికి వచ్చిన టీచర్ కూడా నవ్వాపుకుంటూనే గొడుగులు మూయించింది. రచన ఒక్కతే నవ్వలేదు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. కళ్ళలో నీళ్ళు ఎవరికీ కనబడకుండా లెక్కల పుస్తకం తెరిచి ముఖం దాచుకుంది.

దీనికంతటికీ కారణం సోనీ అత్త.

సోనీ అత్త రచన వాళ్ళ నాన్నకు చెల్లెలు. వాతావరణ కేంద్రంలో పనిచేస్తుంది. గాలి ఎటు వీస్తోంది, మబ్బులు ఎక్కడ పేరుకుంటున్నాయి, వాన ఎక్కడ పడవచ్చు అని లెక్కగట్టి ముందే హెచ్చరించడం ఆమె ఉద్యోగం. అందరికీ పండుగకు సెలవు దొరుకుతుంది. సోనీ అత్తకు మాత్రం వానాకాలంలో వచ్చే పండుగ ఏదీ దక్కదు. బోనాలకు గల్లీ అంతా చుట్టాలతో నిండిపోయిన రోజున కూడా ఆమె మబ్బులను చూస్తూ డ్యూటీలోనే ఉంటుంది.

రచన వాళ్ళది చార్మినార్ దగ్గరి బజార్ల నుంచి మూసీ వైపు దిగే గల్లీలలో ఒకటి. దిగిన కొద్దీ పల్లం. అన్నిటికంటే పల్లంలో, మురుగునీళ్ళ నాలా గోడ పక్కన, రచన వాళ్ళ బర్రెల కొట్టం ఉంటుంది. వాళ్ళది పాల వ్యాపారం. నాయనమ్మ బుచ్చమ్మ పాలు పితుకుతుంది. నాన్న రవీందర్ బండికి క్యాన్లు కట్టుకుని మలక్‌పేట దాకా ఇంటింటికీ పాలు పోసి వస్తాడు. అమ్మ తనూజ అఫ్జల్‌గంజ్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేస్తుంది. కొట్టానికి ఎదురుగా వైకుంఠం తాత గోదాము. అందులో మరమరాల బస్తాలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. విశాల్ ఆయన మనవడే.

కిందటి వారం సోనీ అత్త ఫోన్ చేసి, సాయంత్రం గట్టి వాన పడొచ్చని చెప్పింది. ఇంకేముంది, రచన గల్లీ మొత్తం చుట్టబెట్టింది. తలుపు కొట్టని ఇల్లు లేదు. వైకుంఠం తాత మరమరాల బస్తాలన్నీ పై అంతస్తు ఎక్కించాడు. ఆటో నడిపే సామ్యూల్ మామ ఆటోను తీసుకెళ్ళి పెద్ద రోడ్డు మీద పెట్టాడు. నాయనమ్మ బర్రెలను తోలుకుని, గల్లీ పైకొసన ఉన్న ఫంక్షన్ హాలు ఆవరణకు పోయింది. అందరూ ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు.

ఒక్క చుక్క పడితే ఒట్టు.

పొద్దుగూకేసరికి మబ్బు కూడా విడిపోయింది. వైకుంఠం తాత నడుం పట్టుకుని మెట్లు దిగుతూ, సోనీ చెప్పిన వాన అడ్రస్ మరిచిపోయి ఏ గల్లీకి పోయిందో కనుక్కోమన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు విశాల్ వెంట బడికి కూడా వచ్చింది. అప్పటి నుంచి రచనకు వాన మేడమ్ అనే పేరు, రోజూ ఈ గొడుగుల మర్యాద.

ఆ రోజు బడి నుంచి ఇంటికొచ్చి రచన నేరుగా కొట్టంలోకి పోయింది. అక్కడ బెల్లం ఉంది. బెల్లం అంటే తినే బెల్లం కాదు, వాళ్ళ బర్రె దూడ. పుట్టిన నాడు దాని రంగు చూసి రచనే ఆ పేరు పెట్టింది. దూడ గరుకు నాలుకతో తన చెయ్యి నాకుతుంటే రచన మనసు కాస్త కుదుటపడింది. అప్పుడే ఇంట్లో ఉండే పాత ఫోన్ మోగింది.

"రచనా, జల్ది విను," అంది సోనీ అత్త. ఆమె వెనక ఇంకా ఏవో ఫోన్లు మోగుతున్నాయి. "మనవైపు మబ్బులు పేరుతున్నయ్. పొద్దుగూకేలోపు గట్టి వాన పడొచ్చు. బర్రెలను పైకి తోలమని నాయనమ్మకు చెప్పు. గల్లీల అందరికి చెప్పు. అన్న బండి మీద ఉన్నట్టుంది, ఫోన్ ఎత్తుతలేడు."

"పక్కానా అత్తా?"

"పక్కా అని ఎవరం చెప్పలేం బిడ్డా. కానీ పడేటట్టే ఎక్కువున్నది. చెప్పినంక నాకొక మెసేజ్ పెట్టు. నువ్వు పెడితే నాకిగ ఫికర్ ఉండదు."

రచన గుమ్మం దాకా వచ్చింది. ఎదురుగా గోదాము అరుగు మీద వైకుంఠం తాత విసనకర్రతో విసురుకుంటున్నాడు. పక్కనే విశాల్. ఆమెను చూడగానే వాడు నవ్వుతూ గొడుగును సగం పైకెత్తాడు. పైన ఆకాశం నీలంగా, కడిగిన పళ్ళెంలా ఉంది.

రచన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పక్కా అని అత్తే అనలేదు కదా అనుకుంది. మబ్బు పట్టాక చెప్పినా సరిపోతుందిలే అనుకుంది. మళ్ళీ గల్లీ అంతా తిరిగి, మళ్ళీ వాన రాకపోతే, రేపు క్లాసులో ఎన్ని గొడుగులు లేస్తాయో అనుకుంది. వెనక్కి తిరిగింది.

కుడితి కలుపుతున్న నాయనమ్మ, ఫోన్ ఎవరని అడిగింది.

"అత్త. ఊకనే చేసింది," అంది రచన.

తర్వాత గోడవైపు తిరిగి, ఫోన్‌లో బొటనవేలు బొమ్మ ఒకటి సోనీ అత్తకు పంపింది. చెప్పేశాను అని దాని అర్థం. పంపాక ఆమెకు బెల్లం ముఖంలోకి చూడబుద్ధి కాలేదు.

మబ్బు పట్టాక చెప్పడానికి వాన టైమ్ ఇవ్వలేదు. దీపాలు పెట్టే వేళకు ముందు నాలా వైపు నుంచి ఒక్కసారిగా గాలి లేచింది. దండేల మీది బట్టలు, దుకాణాల ముందరి అట్టపెట్టెలు, దుమ్ము, అన్నీ కలిసి గల్లీలో పరుగెత్తాయి. చూస్తుండగానే చీకటి పడింది. మొదటి చినుకులు రేకుల మీద రాళ్ళు పడ్డట్టు మోగాయి. ఆ తర్వాత చినుకులు లేవు, అంతా ధారే. కరెంటు పోయింది. గల్లీ పైనుంచి నీళ్ళు వాగులా దిగొచ్చాయి. కాసేపటికి నాలా నిండి, ఆ నీళ్ళు కూడా గోడ సందుల నుంచి వెనక్కి కొట్టంలోకి తన్నుకొచ్చాయి.

నాయనమ్మ రచనను గోదాము మెట్లు ఎక్కించి, కదలొద్దని చెప్పి, తాను కొట్టంలోకి దిగింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో తడుముకుంటూ పలుపులు విప్పింది. పెద్ద బర్రెలు దారి తెలిసినట్టు తమంతట తామే పైకి నడిచాయి. బెల్లం ఉన్నది లోపలి మూల. దాని తాడు తడిసి బిగుసుకుపోయింది. నాయనమ్మ వేళ్ళకు ముడి లొంగలేదు. నీళ్ళు దూడ మెడ దాకా వచ్చాయి. అది అరిచిన అరుపు వానలో కూడా రచనకు వినిపించింది.



అంతలో సామ్యూల్ మామ పైనుంచి ఉరికొచ్చాడు. గల్లీలో ఆగిపోయిన తన ఆటోను అక్కడే వదిలేశాడు. నీళ్ళలో దిగి, కత్తితో తాడు కోసి, బెల్లాన్ని గొర్రెపిల్లను ఎత్తుకున్నట్టు భుజాల మీద వేసుకుని మెట్లెక్కాడు. వైకుంఠం తాత ఖాళీ గోనెసంచులు పరిచాడు. తన పంచె తెచ్చి దూడ ఒళ్ళు తుడిచాడు. నాయనమ్మ దాని కాళ్ళు రుద్దుతూ కూర్చుంది. కాసేపటికి అమ్మా నాన్నా తడిసి ముద్దై వచ్చారు. బెల్లం వణుకుతూనే ఉంది. రచన దాని తల ఒళ్ళో పెట్టుకుని, బతుకు బెల్లం, బతుకు అని లోపల్లోపల మొక్కుకుంటూనే ఉంది.

తెల్లారేసరికి నీళ్ళు దిగిపోయి బురద మిగిలింది. బెల్లం లేచి నిలబడి, తల్లి దగ్గర రెండు గుక్కల పాలు తాగింది. నాయనమ్మ ఆకాశానికి దండం పెట్టింది. కొట్టంలోని గడ్డీ తవుడూ మాత్రం పనికిరాకుండా పోయాయి. సామ్యూల్ మామ ఆటో ఇంజన్ నిండా నీళ్ళు. గోదాములో కింది వరసల మరమరాలు తడిసి గంజిలా అయిపోయాయి. వైకుంఠం తాత ఆ ముద్దను పారతో ఎత్తి బయట పోస్తున్నాడు. ఆయన చుట్టూ గల్లీ వాళ్ళు గుమికూడారు.

అప్పుడు వచ్చింది సోనీ అత్త. వాన వల్ల డ్యూటీ దిగడం కుదరక రాత్రంతా ఆఫీసులోనే ఉండిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పులు చేత పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది.

"రావమ్మా సోనీ," అన్నాడు వైకుంఠం తాత. ఆయన గొంతులో వెటకారం లేదు, బాధే ఉంది. "వాన రాని రోజేమో గల్లీ అంతా ఉరికిచ్చినవ్. వచ్చే రోజు ఒక్క మాట చెప్పకపోతివి. గిదేం కొలువు బిడ్డా? ఇంట్లోళ్ళకన్న చెప్పొద్దా?"

చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. నాన్న కూడా చెల్లెలి వంక అదే ప్రశ్నతో చూశాడు.

సోనీ అత్త రచన వైపు ఒక్కసారి చూసింది. అత్త ఫోన్‌లో ఆ బొటనవేలు బొమ్మ ఇంకా ఉంది. తీసి చూపిస్తే చాలు, ఒక్క మాట కూడా ఆమె మీదికి రాదు. కానీ అత్త ఫోన్ తియ్యలేదు. వైకుంఠం తాత చేతిలోని పార అందుకుంది.

"మస్తు నష్టమైందా కాకా? జరుగు, నేను ఎత్తుత," అని పని మొదలుపెట్టింది.

తిట్టినా రచన తట్టుకునేదేమో. అది మాత్రం తట్టుకోలేకపోయింది. బురదలో జారుతూ ముందుకొచ్చి, తాతకూ అత్తకూ మధ్య నిలబడింది.

"తాతా, అత్తనేం అనకు. అత్త చెప్పింది. నిన్న నాకు ఫోన్ చేసి, అందరికి చెప్పుమన్నది. నేనే ఎవ్వరికి చెప్పలే. చెప్పిన అని అత్తకు ఉత్తగనే మెసేజ్ పెట్టిన."



"ఎందుకు చెప్పలేదే?" అంది నాయనమ్మ.

"మళ్ళ నవ్వుతరని."

ఆ మాటతో ఆమెకు ఏడుపు ఆగలేదు. విశాల్ తన చేతిలోని గొడుగును మెల్లగా వీపు వెనక్కి దాచుకున్నాడు. వైకుంఠం తాత అరుగు మీద కూలబడ్డాడు.

"నవ్వినోళ్ళల్ల అందరికంటే ముందు నేనే ఉన్న బిడ్డా," అన్నాడు. ఆ తర్వాత సోనీ అత్త వైపు తిరిగి, తెలియక అన్నానని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. సామ్యూల్ మామ రచన తల నిమిరి, ఆటోదేముంది, ఎండబెట్టి మెకానిక్‌కు చూపిస్తే నడుస్తుందని చెప్పాడు. రచనను ఎవరూ తిట్టలేదు. తిట్టకపోయేసరికి ఆమెకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఆ పూట బడి లేదు. గల్లీ వాళ్ళందరికీ చాయ్ పెట్టడానికి నాయనమ్మ పెద్ద గిన్నెలో పాలు పొయ్యి మీద పెట్టింది. గిన్నె పక్కన సోనీ అత్త, ఆమెను ఆనుకుని రచన కూర్చున్నారు.

"నువ్వు భయపడి చెప్పకపోతివి, అది నాకు సమజైంది," అంది అత్త. "కానీ చెప్పిన అని పెట్టినవ్ చూడు, అది తప్పు రచనా. ఆ మెసేజ్ చూసే నేను అన్నకు మళ్ళ ఫోన్ చెయ్యలే. చెయ్యబుద్ధి కాకపోతే, చెప్పలే అత్తా అని పెట్టు. నేను ఇంకో దారి చూసుకుంట."

రచన తలూపింది. మనసులో నలుగుతున్నది అడిగేసింది. మొన్న వాన ఎందుకు రాలేదు? రాకపోవచ్చని తెలిసినప్పుడు ముందే చెప్పడం ఎందుకు?

సోనీ అత్త పాల గిన్నెను చూపించింది. "కింద మంట మంచిగున్నది. పొంగుతయా, పొంగవా?"

పాలవాళ్ళ పిల్లకు అదీ ఒక ప్రశ్నేనా? "పొంగుతయ్," అంది రచన.

"ఏ పక్కకెల్లి పొంగుతయ్?"

రచన గిన్నెలోకి తొంగి చూసింది. మీగడ కింద ఒకచోట బుడగ లేస్తోంది. అది అణగక ముందే ఇంకోచోట లేస్తోంది. ఆమె తెలియదంది.

"మేము చూసేది గిదే. ఎండకు నేల కాగుతది. నేల మీది గాలి కాగి, తేమను మోసుకొని పైకి లేస్తది. పైన సల్లబడి మబ్బయితది. పట్నమంతా ఒక గిన్నె అనుకో. పొంగేటట్టున్నదని చెప్పగలం. మలక్‌పేటల పొంగుతదా, మన గల్లీల పొంగుతదా అని చివరి దాకా పక్కాగ చెప్పలేం. ఒక్కోసారి గాలి తిరిగి, మంట తగ్గించినట్టయితది, అసలు పొంగనే పొంగదు. మరి పొంగకపోవచ్చని, గిన్నెను పొయ్యి మీద ఇడిసి ఆడుకోను పోతవా?"

"పోను. పక్కన్నే నిలబడత."

"మేమూ గట్లనే నిలబడతం."

అంతలో పాలు బుస్సుమని లేచాయి. ఇద్దరూ మాటల్లో పడి చూడనే లేదు. నాయనమ్మ పరుగున వచ్చి గిన్నె దించి, మబ్బులను కాసే మనిషికి పాలు కాయడం రాదా అని ఇద్దరినీ కసిరింది. చాలా సేపటికి రచన నవ్వింది.

తర్వాతి ఆదివారం సోనీ అత్త రచనను తన ఆఫీసుకు తీసుకెళ్ళింది. అక్కడ ఒక ఆయన మనిషంత తెల్లటి బెలూన్‌లో గ్యాస్ నింపి, దానికి ఒక చిన్న డబ్బా కట్టి ఆకాశంలోకి వదిలాడు. అది పైకి పోతూ పోతూ, ఎక్కడ ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో కిందికి చెబుతూ ఉంటుందట. అది పైన పగిలిపోయేదాకా లోపల ఒక అమ్మాయి కంప్యూటర్ తెర ముందు నుంచి లేవలేదు. రోజూ అదే పని. పండుగైనా, జ్వరమొచ్చినా ఎవరో ఒకరు చేయాల్సిందే.

ఇంకో తెర మీద పట్నం పటం ఉంది. వాన ఉన్నచోట దాని మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మరకలు కనబడతాయి. వాన రాని ఆ రోజు బొమ్మ కూడా అత్త వెతికి చూపించింది. ఎర్రటి మరక ఒకటి నేరుగా వాళ్ళ గల్లీ వైపే వస్తోంది. మూసీ అవతలిదాకా వచ్చి, పక్కకు తిరిగి, పట్నం ఇంకో కొసన కుమ్మరించింది. ఆ వైపు పిల్లలు ఆ సాయంత్రం నడుంలోతు నీళ్ళలో ఇళ్ళకు పోయారని అత్త చెప్పింది. రచన ఆ ఎర్ర మరకను చాలాసేపు చూసింది. ఆ రోజు తాము ఎంత అదృష్టవంతులో తెలియక, అందరూ కలిసి నవ్వుకున్నారు.

అక్కడున్నంతసేపూ ఫోన్ మోగుతూనే ఉంది. ఒకాయన గట్టిగా అరవడం పక్కనున్న రచనకు కూడా వినిపించింది. వాన పడుతుందంటే భయపడి, ఆరుబయట వేసిన పెళ్ళి పందిరి తీసేసి, ఫంక్షన్ హాలుకు మార్చుకున్నాడట. వానా లేదు ఏమీ లేదని ఆయన కోపం. సోనీ అత్త అంతా విని, పెళ్ళి మంచిగా జరిగిందా సార్ అని అడిగి, సంతోషమని చెప్పి పెట్టేసింది.

"వాన పడ్డ రోజు ఫోన్ చేసి థాంక్స్ చెప్తరా అత్తా?" అని అడిగింది రచన.

"ఆ రోజు ఎవరి తిప్పలు వాళ్ళకుంటయ్ కదా."

"మరి పడని రోజు?"

"పడని రోజు గిట్లనే," అని అత్త నవ్వి, మళ్ళీ మోగుతున్న ఫోన్ ఎత్తింది.

వానాకాలం చివరికొచ్చింది. కొట్టం నేలకు కొత్తగా రాళ్ళు పరిచారు. సామ్యూల్ మామ ఆటో మళ్ళీ నడుస్తోంది, కాకపోతే స్టార్ట్ చేసినప్పుడు దగ్గుతుంది. ఒక రోజు బడి వదిలాక, రచన సంచి దించకముందే అత్త ఫోన్ వచ్చింది. మళ్ళీ అదే మాట. సాయంత్రం గట్టి వాన పడొచ్చు.

రచన గుమ్మం దాకా వచ్చింది. ఆకాశం నీలంగా ఉంది. అరుగు మీద వైకుంఠం తాత, పక్కన విశాల్, వాడి చేతిలో గొడుగు. అంతా ఆ రోజులాగే ఉంది. ఆమెకు అదే భయం కూడా వేసింది. అయినా కాళ్ళు ఆగలేదు.

"తాతా, అత్త ఫోన్ చేసింది. వాన పడొచ్చట. పక్కా కాదు, పడేటట్టున్నది," అంది.

వైకుంఠం తాత ఒక్క క్షణం తన నడుం తడుముకున్నాడు. తర్వాత లేచి, బస్తాలు ఎత్తడానికి మనుషులను పిలిచాడు. విశాల్ రచన వెంట నడిచాడు. ఆమె ఒక పక్క ఇళ్ళకు చెబుతుంటే, వాడు రెండో పక్క గొడుగు పిడితో తలుపులు తట్టుకుంటూ పోయాడు. నాయనమ్మ బర్రెలను తోలింది. బెల్లాన్ని మాత్రం రచనే పట్టుకుని నడిపించింది. గల్లీ అంతటికీ చెప్పాక, అత్తకు బొటనవేలు బొమ్మ పంపింది. ఈసారి గోడవైపు తిరగాల్సిన పని లేకపోయింది.

అందరూ ఫంక్షన్ హాలు ఆవరణలో కూర్చుని ఆకాశం వంక చూశారు. మబ్బు వచ్చింది. రెండుసార్లు ఉరిమింది. గాలి లేచింది. ఆ తర్వాత గాలి అటు తిరిగింది, మబ్బు కూడా దాని వెంటే పోయింది. పొద్దుగూకే వేళకు పడమర అంతా తేటగా, ఎర్రగా మెరిసింది. మళ్ళీ ఒక్క చుక్క పడలేదు.

ఎవరూ నవ్వలేదు. కానీ అందరూ రచన వంకే చూశారు.

అప్పుడు విశాల్ ఫట్‌మని గొడుగు తెరిచాడు. తెరిచాక, ఎందుకు తెరిచానా అన్నట్టు బిక్కముఖం వేశాడు. అలవాటులో చేయి అలా పోయిందంతే.

రచన వాడి దగ్గరికి నడిచి, గొడుగు కింద దూరింది.

"జరుగు, నాకు గూడ జాగ ఇయ్యి," అంది.

ముందుగా సామ్యూల్ మామ నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు, రచన కూడా నవ్వింది. ఈ నవ్వు ఎవరినీ గుచ్చలేదు. వైకుంఠం తాత, మరమరాలు పొడిగా ఉన్నాయి, అంతకంటే ఏం కావాలి అని, ఒక బస్తా విప్పించి అందరికీ పంచమన్నాడు. బెల్లం కూడా ఒక గుప్పెడు తిన్నది.

మరమరాలు నములుతూ రచనకు ఒకటి గుర్తొచ్చింది. ఈ వేళ అత్త ఆఫీసులో ఫోన్లు మోగుతూ ఉంటాయి. వాన ఏదీ అని ఎవరెవరో అరుస్తూ ఉంటారు. ఆమె గొడుగు కిందే నిలబడి ఆఫీసు నంబరుకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక సోనీ అత్త ఎత్తింది. చెప్పండి సార్ అంది, అలసిపోయిన గొంతుతో.

"అత్తా, నేను రచనను. మన గల్లీల వాన రాలేదు. అందరికి చెప్పిన, అందరం పైకొచ్చినం. బర్రెలు మంచిగున్నయ్, బెల్లం మంచిగున్నది. తాత మరమరాలు గూడ మంచిగున్నయ్. థాంక్స్ చెప్దామని చేసిన."

లైన్ కట్ అయిందేమోనని రచన రెండుసార్లు హలో అంది.

"లైన్ల ఉన్న," అంది సోనీ అత్త. "ఒక్క నిమిషం ఆగు బిడ్డా. స్పీకర్ పెడత. ఇంకోసారి చెప్పు, మా వాళ్ళు అందరు వింటరు."

రచన ఫోన్ పట్టుకున్న చెయ్యి పైకెత్తి, గల్లీ వాళ్ళందరినీ దగ్గరికి రమ్మని సైగ చేసింది. నాయనమ్మ, వైకుంఠం తాత, సామ్యూల్ మామ, విశాల్, అందరూ ఫోన్ చుట్టూ చేరారు. అందరూ వచ్చాక రచన మళ్ళీ మొదటి నుంచి, ఈసారి ఇంకాస్త గట్టిగా చెప్పింది.